ఏసు ఉన్నాడా లేడా: మా బావతో వాదించే పద్ధతి

పర్లాకిమిడిలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే. "ఏసు ఉన్నాడనడానికి బయటివాళ్ళ సాక్ష్యం ఏదీ?" అంటాడు బావ. పోయినేడు నేను తొందరపడి మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఏసు గురించి రాసిన పెద్ద పేరా చదివి బోర్లా పడ్డాను.

మీరు రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌తో మొదలెట్టండి. క్రీ.శ. 116 ప్రాంతంలో రాశాడు. 64లో రోము తగలబడితే నీరో ఆ నింద క్రైస్తవుల మీదకి తోశాడనీ, వాళ్ళ క్రీస్తుని టైబీరియస్ చక్రవర్తి కాలంలో రోమన్ గవర్నరు పిలాతు చంపించాడనీ. క్రైస్తవులంటే టాసిటస్‌కి ఒళ్ళుమంట. గిట్టనివాడి నోట వచ్చిన మాట కదా, బరువెక్కువ. "విన్నదే రాశాడేమో" అంటే ఒప్పేసుకోండి, బుకాయించకండి.

జోసెఫస్ రాసిన యూదుల చరిత్రలో 18వ పుస్తకంలోని ఆ పెద్ద పేరా వదిలేయండి. "ఆయనే క్రీస్తు" అని క్రైస్తవుడు కాని యూదుడు రాస్తాడా? తర్వాతివాళ్ళు చెయ్యిపెట్టారని చాలామంది పండితుల మాట. 20వ పుస్తకంలో "క్రీస్తు అనబడిన యేసు సోదరుడు యాకోబు" అన్న ముక్క చాలు.

రోమన్ గవర్నరు ప్లినీ ఉత్తరం, 112 నాటిది, క్రీస్తు భక్తులున్నారని చెబుతుంది, అంతే.

మనిషి ఉండడం వేరు, మహిమలు వేరు. బావ రెండూ కలిపేస్తుంటే గ్లాసు కిందపెట్టి ఆపండి. మొన్న యాకోబు ముక్క దగ్గర బావ కాసేపు నోరెత్తలేదు. టీ డబ్బులు మాత్రం నాచేతే ఇప్పించాడు.