పొద్దుగూకే ఫొటో: ముందు చోటు, తర్వాత సూర్యుడు

నల్లగొండ జిల్లా దేవరకొండ పక్క మండలాల్లో ఏఈవోగా, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. పంటల నమోదుకని పగలంతా చేల గట్ల వెంట తిరిగి, మాపటేల స్కూటీ మీద ఇంటికొస్తాను. నా దగ్గరున్నది మామూలు ఫోనే. ఈ గుట్టల మధ్య పొద్దుగూకడం చూసినప్పుడల్లా బండి ఆపకుండా ఉండలేను. నేను ఫొటో తీసే పద్ధతి ఇది.

ముందు నిలబడే చోటు చూసుకోండి. ఉత్త ఆకాశాన్ని తీస్తే అది ఏ ఊరిదైనా కావచ్చు. ఒకదాని మీద ఒకటి నిలిచిన బండలు, ఒంటరి తాటిచెట్టు, చెరువు అలుగు ముందుంటేనే అది మన సాయంత్రం. ఒక్కటి చాలు. కరెంటు తీగ అడ్డమొస్తే నాలుగడుగులు పక్కకు జరగండి. సూర్యుడు పెద్దగా కనబడాలంటే చెట్టుకు దగ్గరగా కాదు, బాగా దూరంగా వెళ్లి అక్కడినుంచి జూమ్ చేయాలి. ఫోనులో 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సు ఉంటే అంతవరకే వాడండి, దాటితే బొమ్మ చెదురుతుంది. దేవరకొండ కోట గుట్ట నల్లగా రావాలనుకుంటే కోటకు తూర్పున ఉండాలి.

నాకు అన్నిటికంటే ఇష్టం జనవరి. యాసంగి నాట్లకు కరిగట్టు చేసి, అంటే బురదగా దున్ని, నీళ్లు నింపిన మడి అద్దమై ఉంటుంది. గాలి ఆగినప్పుడు గట్టు మీద కూర్చుని, ఫోనును తలకిందులు చేసి లెన్సును నీటికి జానెడు ఎత్తులో పెట్టండి. ఆకాశం మొత్తం మడిలోకి దిగుతుంది. నాటు వేసిన కొత్తలోనూ బాగుంటుంది, పచ్చటి మొలకల వరసలు ఆ ఎరుపును చీలుస్తాయి. మడిలో మాత్రం కాలు పెట్టకండి, అది ఒకరి కష్టం. నవంబరులో అయితే పత్తి చేలు. విచ్చిన పత్తికి వెనకనుంచి వెలుతురు తగిలితే అంచులు వెలుగుతాయి. గొర్ల మంద ఇంటికి మళ్లే దారిలో సూర్యుడికి ఎదురుగా నిలబడితే దుమ్మంతా బంగారమే. కాపరిని అడిగి తీయండి, మందకు అడ్డం పోవద్దు.

ఇక వేళ. నవంబరు చివర మన దగ్గర 5.40 దరిదాపున పొద్దుగూకుతుంది, జులై మొదట్లో 6.50 దాటుతుంది. దిక్కు కూడా మారుతుంది. మార్చి, సెప్టెంబరు మూడో వారం తర్వాత సరిగ్గా పడమర; డిసెంబరులో దక్షిణానికి, జూన్‌లో ఉత్తరానికి దాదాపు 25 డిగ్రీలు జరుగుతుంది. సంక్రాంతికి చూసుకున్న చోటు జూన్‌లో పనికిరాదు. నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గర నిలబడితే జలాశయం నైరుతి వైపు పరుచుకుని ఉంటుంది కాబట్టి, అక్కడికి నేను చలికాలంలోనే వెళ్తాను.

ఎంతసేపుందో తెలియాలంటే చెయ్యి చాచి, సూర్యుడికీ నేలకూ మధ్య నాలుగు వేళ్లు అడ్డంగా పట్టండి. సరిపోతే సుమారు అరగంట. గుట్ట అడ్డముంటే అంతకంటే ముందే మునుగుతుంది. అంచు తాకిన సూర్యుడు పూర్తిగా దిగడానికి పట్టేది రెండు నిమిషాల పైచిలుకే, అప్పటికి అన్నీ సిద్ధంగా ఉండాలి.

ఫోను లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి, వేలిముద్ర ఉంటే వెలుతురు పాలిపోతుంది. సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద వేలు కాసేపు నొక్కిపట్టి వెలుతురును లాక్ చేసి, తెర మీద కనబడే వెలుతురు గుర్తును కిందికి జరిపి తగ్గించండి. చెట్టు నల్లబడాలి, రంగు చిక్కబడాలి. ఫ్లాష్ ఆపేయండి. అద్దంలోంచి చూసే పెద్ద కెమెరా ఉన్నవాళ్లు సూర్యుడి వైపు కన్ను పెట్టవద్దు, తెర మీద చూసి తీయాలి.

మబ్బే లేని రోజు రంగు తక్కువ. పైన పల్చటి మబ్బు చెదిరి ఉండి, పడమటి అంచు తెరిపిగా ఉన్న సాయంత్రం వదలకండి. పొద్దు వాలేకొద్దీ వెలుతురు ఎక్కువ గాలి దాటి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. సూర్యుడు నేల దిగువకు పోయాక కూడా ఆ ఎరుపు పై మబ్బులకు కిందినుంచి తగులుతుంది. అందుకే పొద్దుగూకాక ఇంకో పావుగంట ఆగాలి. జనం బండ్లు తీసే ఆ సమయంలోనే నా మంచి ఫొటోలన్నీ వచ్చాయి. వెనక్కి కూడా తిరగండి. తూర్పున గులాబీ పట్టీ, దాని కింద బూడిద నీలం కనబడతాయి. ఆ నీలం భూమి నీడ.

చీకటి పడ్డాక చెరువు కట్ట దిగేటప్పుడు ఫోనులో చార్జింగ్ ఉండేలా చూసుకోండి, టార్చి వేసుకునే నడవాలి. వానాకాలంలో కట్ట రాళ్ల సందుల్లో పాములుంటాయి.