స్కాలర్‌షిప్ ఆగిపోయిందా? అర్జీ ఇలా పెట్టండి (ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం తెలుగు పిల్లల కోసం)

రెన్యువల్ (మరుసటి ఏడాదికి పొడిగింపు) రాలేదని తెలియగానే చాలామంది నెట్ సెంటర్‌కి వెళ్లి ఏదో ఒక అర్జీ కొట్టించేస్తారు. ఆగండి. ముందు ఎక్కడ ఆగిందో, ఎవరి దగ్గర ఆగిందో పట్టుకోవాలి. డబ్బు పడకపోవడం వేరు, స్కాలర్‌షిప్ పోవడం వేరు. ఇంట్లో చావో జబ్బో జరిగిన ఏడాదిలో కేవైసీ (బ్యాంకుకి గుర్తింపు కాగితాలు మళ్లీ ఇవ్వడం) పట్టించుకోక అకౌంట్ స్తంభించిపోతుంది, లేదా ఆధార్ లింకు ఇంకో బ్యాంకుకి మారిపోయి ఉంటుంది, అప్పుడు మంజూరైన డబ్బు కూడా వెనక్కి పోతుంది, లేదంటే ఆ ఇంకో అకౌంట్లో పడుతుంది. దీనికి అప్పీలు అక్కర్లేదు, బ్యాంకుకి వెళ్లి కేవైసీ చేయించి, ఆధార్ సీడింగ్ (ఆధార్ ఏ అకౌంట్‌కి లింకైందో) సరిచూసుకుంటే చాలు.

బ్యాంకు సంగతి బాగానే ఉంటే పోర్టల్ తెరిచి స్టేటస్ చూడండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో 'డిఫెక్ట్' అని ఉంటే, కాలేజీ సరిచేయమని తిప్పి పంపిందని. గడువు లోపల మీరే దిద్ది మళ్లీ పంపొచ్చు. 'రిజెక్ట్' అని ఉంటే మీ చేతిలో దిద్దేదేమీ ఉండదు, అసలు పని అక్కడ మొదలవుతుంది. ఒడిశా ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ అయినా తీరు దాదాపు ఇంతే, ముందు కాలేజీ చూస్తుంది, ఆ తర్వాత జిల్లా స్థాయిలో చూస్తారు. ఏ మెట్టు మీద, ఏ కారణం రాసి ఆపారో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేదీతో సహా. రేపు మీరు రాసేదంతా ఆ ఒక్క వాక్యానికి జవాబు.

ఇక రూల్ సంగతి. ఒక్కో స్కాలర్‌షిప్‌ది ఒక్కో లెక్క. ఇంటర్ మార్కుల మీద కేంద్రం ఇచ్చే పీఎం-యూఎస్‌పీ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్, అదే డిగ్రీకి ఏడాదికి 12,000 రూపాయలు వచ్చేది, నిలబడాలంటే వార్షిక పరీక్షల్లో 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. అక్కడ మీ అసలు పోరాటం స్కాలర్‌షిప్ ఆఫీసుతో కాదు, కాలేజీతోనూ యూనివర్సిటీతోనూ. మెడికల్ సర్టిఫికెట్ పెట్టి హాజరు మాఫీ అడగడం, మార్కులు అంచుమీద ఉంటే రీచెకింగ్‌కి పెట్టడం ముందు జరగాలి, ఎందుకంటే రికార్డు మారకుండా పైవాళ్లు చేసేదేమీ ఉండదు.

ఎస్సీ, ఎస్టీ పిల్లల పోస్ట్ మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువుల) స్కాలర్‌షిప్‌లో మాత్రం మనవాళ్లకి తెలియని మంచి మాట ఒకటి ఉంది. 2010 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో, జబ్బు వల్ల గానీ ముందుగా ఊహించలేని మరే కారణం వల్ల గానీ విద్యార్థి వార్షిక పరీక్ష రాయలేకపోతే, మెడికల్ సర్టిఫికెట్ లేదా తగిన రుజువు ఇచ్చి, 'ఇతను పరీక్ష రాసి ఉంటే పాసయ్యేవాడు' అని ప్రిన్సిపాల్ ధ్రువీకరిస్తే, మరుసటి ఏడాదికి స్కాలర్‌షిప్ రెన్యూ చేయవచ్చని రాశారు. ఎస్సీ పథకం మార్గదర్శకాలు 2021లో మళ్లీ మారాయి కాబట్టి మీకు వర్తించే తాజా పీడీఎఫ్ దించుకుని రెన్యువల్ గురించి రాసిన భాగం ఒక్కసారి ఓపిగ్గా చదవండి, మీకు పనికొచ్చే క్లాజు కనబడితే దాని నంబరు అర్జీలో రాయండి. గుమస్తా మాట మీద నమ్మకంతో 'రూల్ లేదట' అని తిరిగి వచ్చేయకండి, ఆయన దగ్గర అంత తీరిక ఉండదు.

కాబట్టి ప్రిన్సిపాల్ సంతకమే కీలకం. ఆయన మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, అందుకని మీ డిపార్ట్‌మెంట్ లెక్చరర్‌ని వెంటపెట్టుకుని వెళ్లండి, పాత సెమిస్టర్ల మార్కుల జాబితాలు చేతిలో ఉంచుకోండి.

ఇప్పుడు కాగితాలు. సరిహద్దులో ఉన్న మనకి తిప్పలన్నీ ఇక్కడే. బతికేది ఒడిశాలో, పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తేది శ్రీకాకుళమో విశాఖో. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో మనిషి పోతే మరణ ధ్రువపత్రం రాయగడలో రాదు, మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు, అంటే విశాఖలోనే తీసుకోవాలి. 21 రోజుల్లోపు నమోదైతే సులువు. 30 రోజులు దాటితే అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోతుంది. కర్మలు అయ్యాక చూద్దాంలే అని వదిలేస్తారు కదా, ఆ వదిలేయడమే తర్వాత ఆర్నెల్లు తిప్పుతుంది.

పేర్లది ఇంకో గొడవ. ఆంధ్రా ఆసుపత్రిలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా రికార్డులో అది చివరికి పోతుంది, అప్పారావు కాస్తా ఇంగ్లీషు స్పెల్లింగులో అపారావ్ అయిపోతాడు. జిల్లా ఆఫీసులో కూర్చున్నాయనకి ఈ ఇద్దరూ ఒకే మనిషని ఎలా తెలుస్తుంది? నోటరీ దగ్గర ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ చేయించి డిశ్చార్జ్ షీటు వెనకాలే కుట్టేయండి. తెలుగులో ఉన్న కాగితం ఏదైనా ఉంటే దానికి ఇంగ్లీషు అనువాదం జతచేయండి.

జబ్బుకైతే డిశ్చార్జ్ సమ్మరీ, ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్, అందులో ఎన్నాళ్లు విశ్రాంతి అన్నారో తేదీలతో. తుఫాను, వరద అయితే (2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లా పడ్డ పాట్లు గుర్తున్నాయిగా) తహసీల్దారు ఆఫీసు నుంచి నష్టపోయిన కుటుంబమని కాగితం. మనసు బాగోక చదవలేకపోయినా అది కారణమే, సిగ్గుపడాల్సిన పనిలేదు, కాకపోతే దానికీ జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి చీటీ కావాలి. అంతదాకా వెళ్లలేని పరిస్థితిలో ఉంటే ముందు 14416 టెలీ మానస్‌కి (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, ఉచితం.

అర్జీ ఎలా రాయాలి? ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ, ఒక్క పేజీ. మనవాళ్లకి ఒడియా మాట్లాడటం వచ్చినంతగా రాయడం రాదు, కాబట్టి ముందు తెలుగులో రాసుకుని క్లాసులో ఒడియా స్నేహితుడి చేత దిద్దించుకోవడం మేలు. నెట్ సెంటర్ వాడి దగ్గర రెడీమేడ్ నమూనా ఉంటుంది, 'కడు పేదవాడిని, తమ దయతో' అని మొదలయ్యేది. అది వద్దు. ఆఫీసరు రోజూ అలాంటివి బొత్తులు బొత్తులు చూస్తాడు, ఏ తేదీన ఏం జరిగిందో వెతుక్కుని విసిగిపోతాడు. మూడు సంగతులు చెప్పండి: ఏం జరిగింది, దానివల్ల చదువులో సరిగ్గా ఏది పోయింది, ఇప్పుడు ఆ పరిస్థితి ఎలా మారింది. మూడోది మనవాళ్లు అసలు రాయరు. ఇచ్చిన డబ్బు మళ్లీ వృథా అవుతుందేమో అన్నదే అవతలివాళ్ల అనుమానం, దానికి జవాబు అక్కడే ఉంటుంది. నమూనాకి ఇలా (జత అంటే అర్జీ వెనక పెట్టిన కాగితం):

"ఆగస్టు 11న మా నాన్నగారు పక్షవాతంతో విశాఖ కేజీహెచ్‌లో చేరారు, సెప్టెంబరు 3న మరణించారు (జత 1, 2). ఇంట్లో పెద్దకొడుకుని నేనే, ఆసుపత్రిలోనూ ఆ తర్వాత కర్మలకూ నేనే ఉండాల్సి వచ్చింది. సెప్టెంబరు 22న తిరిగి క్లాసుకి వచ్చాను. అందువల్ల మూడో సెమిస్టర్‌లో నా హాజరు 58 శాతానికి తగ్గింది, ఒక పేపరు రాయలేకపోయాను. అంతకుముందు రెండు సెమిస్టర్లలో హాజరు 80 శాతం పైనే (జత 3). ఆ పేపరు ఏప్రిల్‌లో రాసి పాసయ్యాను (జత 4). ప్రస్తుతం ఇంటి బాధ్యత మా చిన్నాన్న చూస్తున్నారు, నేను హాస్టల్లో ఉండి రోజూ క్లాసుకి వెళ్తున్నాను. నా రెన్యువల్‌ని మళ్లీ పరిశీలించాలని కోరుతున్నాను."

ఇందులో ఏడుపు లేదు, అయినా చదివినవాడికి సంగతి తగులుతుంది. ముఖ్యమైన సంగతుల వెనక జతలు ఉన్నాయి చూశారా, అడిగితే రుజువు చూపలేని సంగతి ఉంటే కొట్టేయండి.

అర్జీ ముందు ప్రిన్సిపాల్‌కి, పోస్ట్ మెట్రిక్ అయితే ఆయన ఫార్వర్డ్ చేసిన కాపీతో జిల్లా సంక్షేమ అధికారి, అంటే డీడబ్ల్యూఓ ఆఫీసుకి. రెండో కాపీ మీద ముద్ర, డైరీ నంబరు వేయించుకోకుండా ఆ గుమ్మం దిగకండి. 'రేపు రా బాబూ' అంటే 'ముద్ర వేసి ఇవ్వండి సార్, రేపూ వస్తాను' అనండి. కదలిక లేకపోతే ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ జనసునాణిలో పెట్టొచ్చు, లేదంటే కలెక్టర్ జాయింట్ గ్రీవెన్స్‌కి (కలెక్టర్ ఫిర్యాదులు వినే రోజు) స్వయంగా వెళ్లొచ్చు. కలెక్టర్ చేతికి కాగితం ఇస్తే కింద ఆఫీసులో ఫైలు ఎంత చురుగ్గా నడుస్తుందో మీరే చూస్తారు.

తప్పు కాలేజీ వైపే ఉంటే, ఉదాహరణకి గడువు లోపల వెరిఫై చేయకుండా వదిలేస్తే, యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీకీ విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, స్కాలర్‌షిప్ ఆలస్యం కూడా దాని పరిధిలోకే వస్తుంది. 15 పనిదినాల్లో అది తేల్చాలి. తేల్చింది మీకు నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్ (ఈ అప్పీళ్లు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. అసలు ఎందుకు రిజెక్ట్ చేశారో ఎవరూ చెప్పకపోతే ఒడిశా ఆర్టీఐ (సమాచార హక్కు) ఫారం-ఏ నింపి 10 రూపాయల ఫీజుతో వేయండి, "నా దరఖాస్తును ఏ తేదీన, ఎవరు, ఏ కారణంతో తిరస్కరించారు, ఫైలు నకలు ఇవ్వండి" అని అడిగితే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పార్వతీపురంలోనో శ్రీకాకుళంలోనో చదివే ఒడిశా పిల్లలకి ఒక మాట. పోస్ట్ మెట్రిక్ డబ్బు మీ సొంత రాష్ట్రమే ఇవ్వాలి, అంటే అప్పీలు కూడా ఒడిశా వైపే. ఆంధ్రాలో బీసీ అయిన కులం ఒడిశా జాబితాలో ఉండాలని లేదు, అక్కడి బంధువులు చెప్పిన పథకం ఇక్కడ పనిచేయదు.

అప్పీలు నడుస్తుండగా ఫీజు వాయిదాల్లో కడతానని ప్రిన్సిపాల్‌కి విడిగా రాసివ్వండి, ఫీజు కట్టలేదని హాల్‌టికెట్ ఆపితే ఇంకో ఏడాది పోతుంది. నాన్న పోయి ఉంటే ఆదాయం సర్టిఫికెట్ అమ్మ పేరు మీద కొత్తది తీయించండి, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. జవాబు వచ్చేదాకా చూద్దామని కూర్చోకుండా వచ్చే ఏడాది దరఖాస్తు గడువు లోపల వేసేయండి, పాత అప్పీలు ఎటు తేలినా దాని దారి దానిదే.