వుహాన్ వస్తున్నారా? ముందు స్టేషన్ పేరు చూసుకోండి

మెడిసిన్ చదవడానికి చైనాలోని వుహాన్ వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ వీసా గురించీ, పచ్చళ్ల ప్యాకింగ్ గురించీ నేను చెప్పక్కర్లేదు. డబ్బు కట్టే యాప్‌లు అలీపే, వీచాట్ ఇంటి దగ్గరే ఫోన్‌లో వేసుకుని రండి. గూగుల్‌ని నమ్ముకుని దిగొద్దు, ఇక్కడ తెరుచుకోదు.

నా టెన్షనల్లా స్టేషన్లతోనే. ఈ నగరం మూడు ఊళ్లు కలిసి అయింది. యాంగ్జీ నదికి ఒక ఒడ్డున వుచాంగ్, అవతల హాన్‌కౌ, హాన్‌యాంగ్. ఆ రెండింటి మధ్య హాన్ నది. పెద్ద రైల్వే స్టేషన్లు వుహాన్, వుచాంగ్, హాన్‌కౌ. టికెట్ మీద ‘వుహాన్’ అని ఉంటే ఊళ్లో ఏదో ఒక స్టేషన్ అని కాదు బాబూ, ఊరికి ఈశాన్యాన ఉన్న ఆ ఒక్క స్టేషనే. సికింద్రాబాద్‌లో ఎక్కాల్సిన రైలు కోసం నాంపల్లిలో నిలబడతారా?

మొన్న సెలవులకు గ్వాంగ్‌జౌ బయల్దేరిన ఒక కుర్రాడు హాన్‌కౌ గేటు దగ్గర పాస్‌పోర్టు తిప్పి తిప్పి పెడుతున్నాడు. గేటు తెరుచుకుంటేగా! అతని రైలు వుహాన్ స్టేషన్‌లో ఉంది. మధ్యలో నది, రెండు మెట్రో లైన్లు.

ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే 2వ లైన్ హాన్‌కౌ స్టేషన్ మీదుగా వెళ్లి, యాంగ్జీ కిందుగా వుచాంగ్ ఒడ్డుకు వస్తుంది. వుహాన్, వుచాంగ్ స్టేషన్లు రెండూ 4వ లైన్ మీద ఉన్నాయి. హోంగ్‌షాన్ స్క్వేర్‌లో గానీ జోంగ్‌నాన్ రోడ్‌లో గానీ మారండి. మెట్రోలోనూ, రైల్వే స్టేషన్‌లోనూ సామాను స్కానింగ్ ఉంటుంది, ఆ టైమ్ కూడా కలుపుకోండి. ప్లాట్‌ఫారానికి వెళ్లే గేట్లు రైలు కదలకముందే మూసేస్తారు, పరిగెత్తి ఎక్కుదామంటే కుదరదు. ట్యాక్సీ అయితే డ్రైవర్‌కు చైనీస్‌లో రాసిన స్టేషన్ పేరు చూపించండి. మీ ఉచ్చారణ మీద నాకు నమ్మకం లేదు.

హాస్టల్ కాకుండా బయట ఉంటే 24 గంటల్లోపు పోలీస్ రిజిస్ట్రేషన్. ఇక చలి. ఉత్తరాది నగరాల్లోలా ఇక్కడ ఇళ్లన్నిటికీ గదులు వెచ్చబెట్టే వేడి నీటి గొట్టాలు రావు. మొదటి చలికాలం నేను జాకెట్‌తోనే పడుకున్నాను, ఉతికిన సాక్సులు రోజుల తరబడి ఆరలేదు. మందపాటి రగ్గు కొనండి, బేరం తర్వాత.

సరే, ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. రైలు తప్పిపోయినా ఆ రోజే వెళ్లే మరో రైలుకు టికెట్ మార్చుకోవచ్చు, సీటుంటే. పాస్‌పోర్టు తీసుకుని కౌంటర్‌కు వెళ్లండి. ఆ కుర్రాడూ సాయంత్రం బండికి వెళ్లాడు.