ప్రసంగం బాగానే వస్తోంది, లోపల మాత్రం ఎండిపోయింది: ఎక్కడ చూడాలి?

లక్షణం ఇలా ఉంటుంది. ఆదివారం చర్చిలో వాక్యం ధారాళంగా వస్తుంది, "అయ్యగారూ, ఈరోజు నాకోసమే చెప్పినట్టుంది" అని నలుగురంటారు, ఇంటికొచ్చి తలుపేసుకుంటే మీకోసం మీరు ప్రార్థన చేసుకోవడానికి మాట రాదు. ఫోన్ మోగితే చిరాకు. కాజీపేట, పరకాల వైపు సేవకులు, అంటే పాస్టర్లు, ఎంతమంది చెప్పారో లెక్కలేదు.

ముందు నిద్ర చూడండి. దీన్ని వదిలేసి అందరూ నేరుగా "నా పిలుపు నిజమేనా" దాకా వెళ్లిపోతారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం అర్ధరాత్రి దాకా ప్రసంగం, ఆదివారం రెండు ఆరాధనలు, సోమవారం పొద్దున్నే ఎవరిదో గృహప్రవేశం, ఇంక ఒంట్లో ఏం మిగులుతుంది? బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం తీయండి. చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తకు దూత బోధ చేయలేదు, అప్పం, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, లేపి ఇంకోసారి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. సోమవారం ఫోన్ సంఘపెద్దకు ఇచ్చేయండి. చావు కబురైతే ఆయనే ఇంటికొచ్చి లేపుతారు.

నిద్ర సరిపోయినా తేడా లేదంటే, నన్ను ఏళ్ల తరబడి మోసం చేసిన కారణం ఇది: చదివేదంతా ప్రసంగం కోసమే చదవడం. రోజూ రెండు గంటలు బైబిల్ ముందే ఉంటాం కాబట్టి ఇక్కడ లోపం ఉందని అనుమానం కూడా రాదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక రాత్రి 88వ కీర్తన తెరిచా. అది చివరి మాట దాకా చీకటే, నా పరిస్థితీ అదే. కాసేపయ్యాక చూసుకుంటే మందుల చీటీ వెనక నా చేతిరాత: 1. మొర, 2. మౌనం, 3. చీకటి. అమ్మ పక్కన కూర్చుని పాయింట్లు రాసుకున్నా.

దీనికి మందు, వచ్చే ఆరు నెలల్లో ప్రసంగించనని తేల్చుకున్న ఒక బైబిల్ గ్రంథం. నేను యెహెజ్కేలు పట్టుకున్నా. పెన్ను వద్దు, ఫోన్‌లో నోట్స్ వద్దు. మంచి పాయింట్ తడితే పోనివ్వండి, అదే కష్టం, మొదటి రెండు వారాలు చెయ్యి జేబులో పెన్ను వెతుకుతూనే ఉంటుంది. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద అరగంట నడిచొచ్చి చదివితే నాకు కుదిరింది. ఇతర పుస్తకాలూ అంతే. అపొస్తలుడైన పౌలు చెరసాలలో, నా పని అయిపోయిందని రాస్తూనే, అంగీతో పాటు పుస్తకాలు తెమ్మన్నాడు, మరి ఏ ఆదివారం ప్రసంగానికి?

థైరాయిడ్, బి12, షుగర్ కూడా ఇలాగే నీరసపెడతాయి, ఒక్కసారి రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది. రెండు వారాలుగా నిద్ర, ఆకలి రెండూ లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఊరు మారితే బాగుపడతానంటారా, మారినవాళ్లు అక్కడి నుంచి నాకే ఫోన్ చేస్తున్నారు.