పంట వ్యర్థాల నుంచి ఉత్తేజిత కర్బనం తయారుచేసే విధానం

కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు, వేరుశనగ పొట్టు, మొక్కజొన్న బెండ్లు వంటివాటిని గాలి తగలకుండా కాలిస్తే బొగ్గు వస్తుంది. ఆ బొగ్గును దంచి పొడిచేసినంత మాత్రాన అది ఉత్తేజిత కర్బనం అయిపోదు. మామూలు బొగ్గులో సన్నని రంధ్రాలు తక్కువగా ఉంటాయి, ఉన్నవాటిలో చాలావాటిని కాలేటప్పుడు పుట్టిన తారు మూసేస్తుంది. ఆ తారును వదిలించి, 2 నానోమీటర్లకన్నా సన్నని రంధ్రాలను లెక్కకు మించి తెరవడమే ఉత్తేజనం. బాగా తయారైన కర్బనం ఒక్క గ్రాములో లోపలి ఉపరితలం 500 నుంచి 1500 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. రంగులు, వాసనలు, అనేక సేంద్రియ పదార్థాలు వచ్చి అంటుకునేది ఆ ఉపరితలానికే.

ముడిసరుకు ఎంపికలో ముందుగా చూడవలసింది బూడిద శాతం. బూడిద ఏమీ పీల్చుకోదు, బరువు మాత్రం పెంచుతుంది. వరి ఊకలో బరువులో దాదాపు 15 నుంచి 20 శాతం బూడిదే, అందులోనూ అత్యధిక భాగం సిలికా. దాన్ని క్షారంతో కరిగించి తీస్తే తప్ప మంచి కర్బనం రాదు కనుక, కొత్తగా మొదలుపెట్టేవారు ఊకతో మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. కొబ్బరి చిప్పలో బూడిద చాలా తక్కువ, పైగా దాని కర్బనం గట్టిగా ఉండి నీటిలో నలగదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విషవాయువులను అడ్డుకునే ముసుగుల కోసం కొబ్బరి చిప్పలను, పీచ్ పండ్ల గింజలను ప్రజల నుంచి సేకరించడానికి కారణం కూడా ఈ గట్టిదనం, ఈ సన్నని రంధ్రాలే.

ఉత్తేజనానికి రెండు దారులున్నాయి. మొదటిదానిలో వ్యర్థాన్ని 400 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వద్ద బొగ్గుగా మార్చి, ఆ బొగ్గు మీదికి 800 నుంచి 950 డిగ్రీల వద్ద నీటి ఆవిరిని పంపుతారు. ఆవిరి కర్బనంతో చర్య జరిపి కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోజన్‌గా మారుతూ రంధ్రాలను తొలుస్తుంది. ఈ చర్య వేడిని మింగేస్తుంది కాబట్టి కొలిమికి నిరంతరం వేడి అందుతూనే ఉండాలి, వెలువడే రెండు వాయువులూ ప్రమాదకరమైనవే. సరైన కొలిమి, వాయువులను కాల్చివేసే ఏర్పాటు ఉన్న కర్మాగారానికే ఇది తగిన పని. రెండో దారి ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసే రసాయనిక ఉత్తేజనం. ఇది 400 నుంచి 500 డిగ్రీల వద్దే పూర్తవుతుంది, దిగుబడి కూడా ఎక్కువ. చిన్న ప్రయోగశాలకు ఇదే అనువైనది. జింక్ క్లోరైడ్‌తోనూ చేయవచ్చు గాని, కడిగిన నీటిలో మిగిలే జింక్ నీటి వనరులకు హాని చేస్తుంది కనుక దాన్ని సిఫారసు చేయను.

ఈ రెండో దారిలో చేయాలంటే, ముందుగా కొబ్బరి చిప్పల పీచును గీకి, కడిగి, 105 డిగ్రీల వద్ద బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టి, ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యేలా దంచి జల్లించాలి. 100 గ్రాముల ముక్కలకు 100 గ్రాముల శుద్ధ ఆమ్లం కావాలనుకుంటే, 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం సుమారు 118 గ్రాములు, అంటే దాదాపు 70 మిల్లీలీటర్లు తీసుకోవాలి. దాన్ని 130 మిల్లీలీటర్ల నీటిలోకి నెమ్మదిగా పోయాలి. ఎప్పుడూ నీటిలోకే ఆమ్లాన్ని పోయాలి గాని, ఆమ్లంలోకి నీటిని పోయకూడదు. రక్షణ కళ్లద్దాలు, ఆమ్లాన్ని తట్టుకునే చేతి తొడుగులు తప్పనిసరి. ముక్కలను ఆ ద్రావణంలో ఒక రాత్రంతా నానబెట్టి, తర్వాత 110 డిగ్రీల వద్ద నీరు ఇగిరి, ముద్ద నల్లబడి జిగటగా అయ్యేదాకా ఆరనివ్వాలి. ఈ దశలో తొందరపడితే, ముక్క లోపలిదాకా ఆమ్లం చేరక, పైపొర మాత్రమే ఉత్తేజితమవుతుంది.

ఆ ముద్దను మూత ఉన్న పింగాణీ మూసలో పెట్టి, నిమిషానికి 5 నుంచి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ 450 డిగ్రీలకు తీసుకెళ్లి, ఒక గంట అక్కడే నిలపాలి. వేడి ఫాస్ఫారిక్ ఆమ్లం ఇనుమును తినేస్తుంది, అందుకే ఇనుప డబ్బా పనికిరాదు. మూత వదులుగా ఉండాలి. గట్టిగా బిగించిన పాత్రలో వాయువులు పేరుకుంటే అది పేలిపోతుంది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కనుక ఈ పని పొగను బయటికి లాగే గూటిలోనే చేయాలి. కాల్చడం అయ్యాక మూతను వెంటనే తీయకూడదు, వేడి కర్బనానికి గాలి తగిలితే అది రాజుకొని బూడిదవుతుంది. పూర్తిగా చల్లారాకే తీయాలి.

నా దృష్టిలో నాణ్యత నిలిచేదీ పోయేదీ కడగడంలోనే. ఆమ్లం రంధ్రాల్లోనే మిగిలిపోతే అవి తెరిచీ మూసినట్టే. వేడి నీరు పోసి, కలిపి, వడకట్టి, వడిచిన నీటిలో పీహెచ్ కాగితం (ఆమ్లత ఎంతుందో రంగు మారి చూపేది; 7 అంటే తటస్థం) ముంచి చూడాలి. అది 6 నుంచి 7 మధ్యకు వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. ఒక్కోసారి తటస్థంగా కనిపించిన నీరు, కర్బనాన్ని గంటసేపు నానబెట్టి చూస్తే తిరిగి ఆమ్లత చూపుతుంది. ఆ పరీక్ష కూడా దాటాకే కడగడం ఆపాలి. మొదటి కడుగునీటిలో ఆమ్లం చిక్కగా ఉంటుంది కనుక దాన్ని మరుసటి విడతకు దాచుకోవచ్చు, మిగతా నీటిని సున్నంతో తటస్థీకరిస్తే కాల్షియం ఫాస్ఫేట్‌గా అడుగుకు దిగుతుంది. కడిగిన కర్బనాన్ని 110 డిగ్రీల వద్ద ఆరబెట్టి, చల్లారగానే గాలి చొరని డబ్బాలో పెట్టాలి. లేకపోతే గాలిలోని తేమను, వాసనలను పీల్చుకుని నిల్వలోనే కొంత శక్తి కోల్పోతుంది.

తయారైన సరుకును పరీక్షించకుండా మంచిదని నమ్మకూడదు. తేలికైన పోలిక మిథిలీన్ బ్లూ అనే నీలి రంగుతో చేయవచ్చు. ఒకే గాఢత గల నీలి ద్రావణాన్ని రెండు సీసాల్లో సమానంగా పోసి, ఒకదానిలో మామూలు బొగ్గు పొడి, మరొకదానిలో అంతే బరువు, అంతే మెత్తదనం ఉన్న కొత్త కర్బనం వేసి, ఒకే సమయంపాటు కదిపి వడకట్టాలి. రెండింటి రంగులోనూ తేడా కనిపించకపోతే ఉత్తేజనం జరగలేదని అర్థం. మిథిలీన్ బ్లూ అణువు పెద్దది కావడంతో అది కాస్త వెడల్పైన రంధ్రాలనే కొలుస్తుంది, అతి సన్నని రంధ్రాలకు అయోడిన్ సంఖ్య (ఒక గ్రాము కర్బనం ఎంత అయోడిన్‌ను పీల్చుకుంటుందో తెలిపే అంకె) తీయాలి. అందులో కర్బనాన్ని 5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగించి, 0.1 నార్మల్ అయోడిన్ ద్రావణంతో కదిపి, వడకట్టాక మిగిలిన అయోడిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తారు, అంటే ఆ ద్రావణం ఎంత ఖర్చయిందో చూసి మిగిలిన అయోడిన్ ఎంతో లెక్కగడతారు.

ఇలా చేసిన కర్బనాన్ని రంగునీటిని శుద్ధి చేసే ప్రయోగాలకు, వాసనలు తొలగించడానికి వాడవచ్చు. ఇది సూక్ష్మజీవులను చంపదు, నీటిలో కరిగిన ఉప్పును తీయదు. విషం మింగినవారికి ఇచ్చే కర్బనం వైద్య ప్రమాణాలతో విడిగా తయారయ్యేది కాబట్టి, దీన్ని ఏ పరిస్థితిలోనూ మందుగా వాడకూడదు.