పద్దెనిమిదవ శతాబ్దపు తెలుగు కావ్యంపై చెన్నైలో పరిశోధన చేయడం ఎలా?

పద్దెనిమిదవ శతాబ్దపు కావ్యంపై పనిచేయదలచినవారు అచ్చుప్రతితో సరిపెట్టుకోకుండా, దాని వ్రాతప్రతులు ఎన్ని మిగిలాయో ముందుగా చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారపు సూచికలలో వెతకాలి. ఆ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనము’ తొలి అచ్చులో ఆమె తన వంశాన్ని చెప్పుకొన్న పీఠికే లేదు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, పోల్చి చూసి, 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించేదాకా ఆ లోటు తీరలేదు. ఆమె చేసిన ఆ పనినే నేను ఒరవడిగా భావిస్తాను.

ప్రతి చేతికి రాగానే ఆశ్వాసాంత గద్యలను (కావ్యంలోని ఒక్కో భాగం చివర వచ్చే వచనాన్ని), చివరి ఆకును చూడండి. గద్యలో కవి వివరాలుంటాయి. చివర లేఖకుడు వేసిన సంవత్సరం నకలు రాసిన కాలమే తప్ప కావ్యరచనా కాలం కాదు. బ్రౌను దొర పండితులచేత రాయించిన కాగితపు ప్రతుల విషయంలో ఈ తేడాను మరీ గుర్తుంచుకోవాలి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి, వట్టి ‘రక్తాక్షి’ అని ఉంటే అది 1684, 1744, 1804లలో ఏదైనా కావచ్చు. పక్కనే శాలివాహన శకం 1666 అని ఉంటే 78 కలిపి 1744గా తేల్చవచ్చు; అయితే మాఘ ఫాల్గుణాల నాటిదైతే సాధారణంగా 1745 అవుతుంది. తిథి వారాలు కూడా ఇచ్చి ఉంటే వాటినీ గణించి సరిచూడాలి.

తాటాకు మీద మాటల మధ్య ఎడం ఉండదు. ‘ఎ’కూ ‘ఏ’కూ భేదం తరచుగా కనిపించదు. రేఫ (ర్) వలపలగిలక అనే గుర్తుగా హల్లు పక్కన నిలుస్తుంది. సందేహం వచ్చినచోట యతిప్రాసలు దారి చూపుతాయి, కాని మీరు ఊహించి దిద్దిన అక్షరాన్ని వేరే సిరాతో రాసుకోవాలి.

కవిని పోషించినవారి లోకం తెలియాలంటే ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఈస్టిండియా కంపెనీ దస్తావేజులు చూడాలి. ఉదాహరణకు, కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ను పుదుచ్చేరి దుబాసీ ఆనందరంగ పిళ్లైకి అంకితమిచ్చాడు, ఆ పిళ్లై తమిళంలో రాసుకొన్న దినచర్య కూడా మనకు దక్కింది. ఫ్రెంచివారి తేదీలను ఇంగ్లీషువారి తేదీలతో పోల్చేటప్పుడు, 1700 నుంచి 1752 దాకా రెండింటికీ 11 రోజుల తేడా ఉందని మరవకూడదు. 1746లో మద్రాసు కోట ఫ్రెంచివారి వశమైన రోజు ఇంగ్లీషు లెక్కలో సెప్టెంబరు 10, ఫ్రెంచి లెక్కలో సెప్టెంబరు 21. పైగా అప్పట్లో ఇంగ్లీషువారికి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, జనవరి నుంచి మార్చి 24 దాకా వచ్చే తేదీలకు రెండు సంవత్సరాలనూ 1745/46 అని కలిపి రాసుకోండి.