గ్యాస్ లైన్లో ఇన్‌హిబిటర్ ఎంత కొట్టాలి?

ఇన్‌హిబిటర్ అంటే పైపు లోపల తుప్పు తినకుండా పంపుతో లైన్లోకి కొట్టే రసాయనం, మా మాటల్లో మందు. షిఫ్టులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ అడిగేది ఒకటే: "రోజుకెన్ని లీటర్లు సార్?" లైన్లో నీళ్లెన్నో తేలందే ఆ లెక్క తేలదు. పొడి గ్యాస్ ఉక్కు జోలికి పోదు. కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగితేనే పైపు అడుగు తినడం మొదలౌతుంది. 2014 జూన్ 27న మా కోనసీమలోని నగరం అనే ఊళ్లో పగిలిన లైను కూడా పొడి గ్యాస్ కోసం వేసిందే, తడి గ్యాస్ పంపారు.

ముందు ప్రమాదం ఎంతో చూడండి. 40 బార్ ప్రెషర్, 2 శాతం కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే దాని పాక్షిక పీడనం (మొత్తం ప్రెషర్లో దాని వాటా) 0.8 బార్. పాత లెక్కలో 0.2 లోపైతే పెద్దగా భయం లేదు, 2 దాటితే తినడం ఖాయం. మనది మధ్యలో ఉంది కాబట్టి మందు కొట్టాల్సిందే.

రోజుకు 2 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్, అంటే దాదాపు 7 మిలియన్ ఘనపుటడుగులు. మిలియన్‌కి సుమారు అర లీటరు అన్న మోటు లెక్కన 3.5 లీటర్లు. ఇక నీళ్లు, కండెన్సేట్ (గ్యాస్‌ నుంచి ద్రవంగా మారే తేలిక నూనె) కలిపి 10 ఘనపు మీటర్లు వస్తుంటే, 100 పీపీఎం (పది లక్షల పాళ్లకు వంద) చొప్పున లీటరే. రెండిట్లో పెద్దదే పట్టుకోండి. మొదట్లో పైపు లోపల మందు పొర పట్టడానికి దానికి రెట్టింపు కొట్టి, కూపన్ (ఎంత తిన్నదో కొలవడానికి లైన్లో పెట్టే లోహపు ముక్క) రీడింగులు చూసుకుంటూ తగ్గించండి. సప్లయర్ షీట్‌లో అంకె మీ నీళ్లతో ల్యాబ్‌లో పరీక్షించింది కాకపోతే నేను నమ్మను.

3.5 లీటర్లంటే నిమిషానికి 2.4 మిల్లీలీటర్లు. పంపు మీద స్ట్రోక్ స్కేలు (ఎంత కొట్టాలో సెట్ చేసే గీతలు) చూసి సరే అనుకోవద్దు. కాలిబ్రేషన్ పాట్ (గీతలున్న కొలత గొట్టం) నింపి, గడియారం పట్టుకుని, పది నిమిషాల్లో 24 మిల్లీలీటర్లు దిగిందో లేదో కొలవండి.

అసలు దెబ్బ పంపు ఆగినప్పుడే. మందు లేకపోతే ఏడాదికి 4 మిల్లీమీటర్లు, ఉంటే 0.1 తింటుందనుకోండి. పంపు ఏడాదిలో 5 శాతం రోజులు ఆగినా సగటు 0.3కి చేరుతుంది, మూడింతలు! డోసు పెంచినా అది పూడదు. పంపులో మందును నెట్టే డయాఫ్రమ్ స్పేర్‌ది ఒకటి దగ్గరుంచుకోండి.

కూపన్ పైపు అడుగున, నీళ్లు తగిలేచోట పెట్టించండి. పైన పెడితే ఎప్పుడూ మంచి రీడింగే వస్తుంది.